ఏ గుమ్మం దగ్గర ఏం దొరుకుతుంది?

పోయిన నెల ఒక శనివారం మధ్యాహ్నం మా ఆఫీసుకి ఒకామె వచ్చింది. చేతిలో బట్టల దుకాణం వాళ్లిచ్చే సంచి ఉంది. అందులో ఉన్న కాగితాలు ఒక్కొక్కటే తీసి నా బల్ల మీద పరిచింది. మొదటిది ఊళ్లో కులపెద్దలు రాయించిన ఒప్పందం. రెండోది పోలీస్ స్టేషన్‌లో కౌన్సెలింగ్ జరిగిందని ఇచ్చిన చీటీ. మూడోది ప్రభుత్వ సహాయ కేంద్రంలో ఆమె పేరు నమోదు చేసుకున్న కాగితం. నాలుగోది మా సంస్థ కాగితమే, దాని కింద సంతకం నాదే. ఐదోది లోక్ అదాలత్ అవార్డు.

"అక్కా, అందరు నాకు సాయమే జేసిన్రు. ఒక్కలు గూడ రూపాయి అడగలె. మరి నాకేమొచ్చింది?" అని అడిగింది.

ఆమె పేరూ ఊరూ రాయను. బీడీలు చుట్టి ఇద్దరు పిల్లల్ని సాకుతోంది. భర్త చాలా ఏళ్లు దుబాయిలో పనిచేసి వచ్చాడు. వచ్చాక ఈమెతో కాపురం చెయ్యనన్నాడు. మూడేళ్లు అందరి చుట్టూ తిరిగింది. చివరికి మనోవర్తి కేసు లోక్ అదాలత్‌కి వెళ్లింది. అక్కడ ఒకేసారి లక్షన్నర రూపాయలు తీసుకుని, ఇక ముందు తనకు మనోవర్తి అడగనని సంతకం పెట్టింది. ఆ డబ్బులో సగానికి పైగా అప్పులకే పోయింది. మిగిలింది కూతురి కాలేజీ ఫీజుకి సరిపోయింది. భర్త పట్నంలో ప్లాటు కొన్నాడని ఆమెకి తర్వాత తెలిసింది.

"ఆనాడు నా పక్కపొంటి వకీలు లేడు. నడిమిట్ల కూసున్నోళ్లు మంచిగనే మాట్లాడిన్రు. 'ఒప్పుకోమ్మా, ఎన్నేండ్లు తిరుగుతవ్ కోర్టు సుట్టు' అన్నరు. నాకు గూడ తిరిగి తిరిగి పానం ఇసిగింది. దస్కతు పెట్టిన. ఇప్పుడు ఇంకో కోర్టుల ఎయ్యొచ్చా అక్కా?"

లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు లేదని ఆమెకి చెప్పాల్సి వచ్చింది. ఆ మాట ఆమెకి అంతకు ముందు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆమె వెళ్లాక మా కేసుల రిజిస్టరు తీసి చూశాను. ఆమె పేరుకి ఎదురుగా "రాజీ కుదిరింది, సమస్య పరిష్కారమైంది" అని రాసి ఉంది. ఆ రాత నాదే.

ఈ సంచికకి సంపాదకీయం వేరే విషయం మీద రాద్దామనుకున్నాను. కానీ ఆ రిజిస్టరు చూశాక ఇంకేమీ రాయబుద్ధి కాలేదు. న్యాయ సహాయం పేరుతో మన చుట్టూ ఇన్ని సంస్థలున్నాయి కదా, వాటిలో ఏది ఏ పని చేస్తుంది, ఏది చెయ్యదు అన్న సంగతి మనలో ఎంతమందికి స్పష్టంగా తెలుసు? మాకే తెలియకపోతే, మా దగ్గరికి వచ్చే స్త్రీకి ఎలా తెలుస్తుంది?

ముందు ఇది దయ కాదని గుర్తు చేసుకోవాలి. పేదరికం వల్ల ఎవరికీ న్యాయం దొరక్కుండా పోకూడదని, రాజ్యమే ఉచిత న్యాయ సహాయం ఏర్పాటు చెయ్యాలని రాజ్యాంగంలోని 39ఎ అధికరణం చెబుతుంది. 1976లో 42వ సవరణ దాన్ని చేర్చింది. పౌరహక్కుల్ని అణగదొక్కిన ఎమర్జెన్సీ కాలంలోనే ఈ అధికరణం రావడం మన చరిత్రలో ఒక విచిత్రం. అంతకు ముందే, 1973లో, జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ అధ్యక్షతన ఉన్న కమిటీ న్యాయ సహాయం గురించి వివరమైన నివేదిక ఇచ్చింది. 1979లో హుసైనారా ఖాతూన్ కేసులో బీహార్ జైళ్లలో విచారణ లేకుండా ఏళ్ల తరబడి మగ్గుతున్న మనుషుల సంగతి సుప్రీంకోర్టు ముందుకి వచ్చింది. వాళ్లలో ఏ నేరమూ చెయ్యని స్త్రీలు కూడా ఉన్నారు. 'రక్షణ' పేరుతో వాళ్లని జైల్లో పెట్టారు. లాయరుని పెట్టుకోలేని ముద్దాయికి ఉచితంగా లాయరుని ఇవ్వడం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమేనని కోర్టు చెప్పింది. 1986లో సుక్ దాస్ కేసులో ఇంకో అడుగు ముందుకి వేసింది. అడగలేదు గనక లాయరుని ఇవ్వలేదంటే కుదరదంది. తనకి ఆ హక్కుందని తెలియని మనిషి దాన్ని ఎలా అడుగుతాడు?

పార్లమెంటు 1987లో న్యాయ సేవల అధికార సంస్థల చట్టం చేసింది. అది అమల్లోకి వచ్చింది మాత్రం 1995 నవంబరు 9న. కాగితం మీది చట్టం కాలు కదపడానికి ఎనిమిదేళ్లు పట్టింది. ఆ చట్టంలోని 12వ సెక్షన్ మనందరం కంఠతా పట్టాల్సింది. షెడ్యూల్డు కులాలు, తెగల వాళ్లు, మనుషుల అక్రమ రవాణాకీ వెట్టికీ గురైనవాళ్లు, వికలాంగులు, వరద, కరువు, కులదాడి వంటి విపత్తుల బాధితులు, పారిశ్రామిక కార్మికులు, నిర్బంధంలో ఉన్నవాళ్లు, ఆదాయ పరిమితికి లోబడిన పేదలు ఉచిత న్యాయ సేవలకి అర్హులు. ఆ జాబితాలోనే 'స్త్రీ లేక బాలలు' అన్న మాట కూడా ఉంది. స్త్రీ విషయంలో ఆదాయ పరిమితి లేదు. ఉద్యోగం చేసే స్త్రీ కూడా అర్హురాలే, భర్త లక్షాధికారి అయినా సరే. ఎందుకంటే ఇంట్లో ఎంత ఆస్తి ఉన్నా స్త్రీ చేతిలో లాయరు ఫీజు ఉండదని చట్టం చేసినవాళ్లు ఒప్పుకున్నారు. ఈ ఒక్క మాట కోసమైనా ఆ చట్టాన్ని మనం మెచ్చుకోవాలి.

ఇక సంస్థల సంగతి. ఇన్నేళ్లూ నేను వీటిని 'ప్రభుత్వ సంస్థలు, ప్రభుత్వేతర సంస్థలు' అని విడదీసి చూసేదాన్ని. మా శిక్షణ తరగతుల్లో కూడా అలాగే చెప్పేవాళ్లం. ఆ బీడీ కార్మికురాలి కాగితాలు చూశాక ఆ విభజన మనకి పనికిరాదనిపించింది. గుమ్మం ఎక్కే స్త్రీకి కావల్సింది ఎవరి డబ్బుతో సంస్థ నడుస్తోందన్న సమాచారం కాదు. లోపల కూర్చున్న మనిషి తన పక్కన నిలబడతాడా, ఇద్దరి నడుమ కూర్చుంటాడా, లేక దారి చూపించి పంపిస్తాడా అన్నది ఆమె తెలుసుకోవాలి. న్యాయ సహాయం చేసే సంస్థలన్నీ ఈ మూడు రకాల్లోకే వస్తాయి. కొన్ని ఒకటి కంటే ఎక్కువ పనులు చేస్తాయి. అక్కడే మోసపోతాం.

మొదటిది, పక్కన నిలబడేవాళ్లు. చట్టం ప్రకారం వీళ్లలో ముఖ్యమైనది జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. జిల్లా జడ్జి దానికి అధ్యక్షులు. కోర్టు ఆవరణలోనే ఆఫీసు ఉంటుంది. దానికి కింద మండల స్థాయిలో న్యాయ సేవా కమిటీలు, పైన రాష్ట్ర సంస్థ, ఢిల్లీలో జాతీయ సంస్థ ఉన్నాయి. హైకోర్టుకీ సుప్రీంకోర్టుకీ వేరే కమిటీలున్నాయి. దరఖాస్తు పెట్టుకుంటే ప్యానెల్లో ఉన్న లాయరుని కేటాయిస్తారు. కోర్టు ఫీజు, కాగితాలు తయారుచేసే ఖర్చు, నకళ్లు తీసుకునే ఖర్చు కూడా ఆ సహాయంలో భాగమే. చదువు రాకపోతే నోటితో చెప్పొచ్చు. అక్కడి సిబ్బంది రాసుకుని వేలిముద్ర తీసుకోవాలి. ప్యానెల్ లాయరు ఆమె దగ్గర ఏ పేరుతోనూ డబ్బు తీసుకోకూడదు. తీసుకుంటే ఆ సంస్థ కార్యదర్శికి ఫిర్యాదు చెయ్యొచ్చు. లాయరు వాయిదాలకి రాకపోయినా మార్చమని అడగొచ్చు. ఇవన్నీ నియమాల్లో ఉన్నవే.

నియమాల్లో లేనిది లాయరు మనసు. ప్యానెల్ లాయర్లకిచ్చే ఫీజు తక్కువ, అదీ ఆలస్యంగా వస్తుంది. చాలామందికి అది వృత్తి మొదట్లో నేర్చుకునే పని. కొందరు నిజంగా ప్రాణం పెట్టి చేస్తారు. అలాంటి వాళ్లని నేను చూశాను. ఇంకొందరు వాయిదా అడగడానికే వస్తారు. 2022 నుంచి క్రిమినల్ కేసుల్లో ముద్దాయిల కోసం పూర్తికాలం పనిచేసే న్యాయ సహాయ డిఫెన్స్ లాయర్ల వ్యవస్థ పెట్టారు. మంచిదే. జైళ్లలో ఉన్న పేద స్త్రీలకి కూడా అది ఉపయోగపడాలి. మనోవర్తి కోసం, ఇంట్లో ఉండే హక్కు కోసం కోర్టుకెక్కే స్త్రీకి కూడా అలాంటి పూర్తికాలపు లాయరు కావాలని మనం ఎందుకు అడగకూడదు?

పక్కన నిలబడే వాళ్లలో ప్రభుత్వంతో సంబంధం లేనివాళ్లూ ఉన్నారు. మన రాష్ట్రాల్లో వాళ్లకి పెద్ద చరిత్రే ఉంది. 1974లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం, 1998లో ఏర్పడిన మానవ హక్కుల వేదిక రాజ్యహింసకి గురైనవాళ్ల తరఫున కోర్టుల్లో కొట్లాడాయి. కన్నబిరాన్, బాలగోపాల్ వంటి న్యాయవాదులు కక్షిదారు డబ్బు చూసి కేసు తీసుకున్నవాళ్లు కాదు. ఏజెన్సీ ప్రాంతంలో గిరిజనుల భూముల కోసం 'సమత' అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మనందరికీ తెలిసిందే. షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూముల్ని ప్రైవేటు గనుల కంపెనీలకి లీజుకివ్వడం చెల్లదని కోర్టు చెప్పింది. ఇలాంటి సంస్థలు ఒక మనిషి కేసు కంటే ఒక ప్రాంతం కేసు, ఒక సమూహం కేసు ఎక్కువగా చూస్తాయి. ఒక స్త్రీ తన మనోవర్తి కేసుతో వాళ్ల దగ్గరికి వెళితే, ఇది తమ పని కాదనొచ్చు. అది నిర్లక్ష్యమని కోప్పడక్కర్లేదు. వాళ్ల పని వేరు.

కార్మిక సంఘాలూ అంతే. పనిస్థలంలో అన్యాయం జరిగితే యూనియన్ ప్రతినిధి కార్మికురాలి తరఫున లేబర్ అధికారి ముందు మాట్లాడతాడు. ఈ బీడీ కార్మికురాలి భవిష్యనిధి డబ్బు విషయంలో ఒక యూనియన్ మూడుసార్లు తిరిగి పని పూర్తి చేసిందట. భర్త విషయానికొచ్చేసరికి "అది మీ ఇంటి సంగతి" అన్నారట. ఫ్యాక్టరీలో జరిగేదే అన్యాయమా, ఇంట్లో జరిగేది కాదా అని యూనియన్లని అడగాల్సింది ఇంకా మిగిలే ఉంది.

రెండోది, దారి చూపేవాళ్లు. వీళ్లు కేసు వాదించరు, తీర్పు చెప్పరు. ఎక్కడికి వెళ్లాలో, ఏ కాగితం కావాలో చెబుతారు. న్యాయ సేవాధికార సంస్థ శిక్షణ ఇచ్చిన పారా లీగల్ వాలంటీర్లు, లా కాలేజీల్లోని న్యాయ సహాయ క్లినిక్‌లు, 15100 నంబరు హెల్ప్‌లైను, స్త్రీల కోసం ఉన్న 181 నంబరు ఈ కోవలోకి వస్తాయి. లా విద్యార్థులు కోర్టులో వాదించలేరు గానీ దరఖాస్తు రాసిపెట్టగలరు, రికార్డులు వెతికిపెట్టగలరు. 2015 నుంచి జిల్లాల్లో తెరుస్తూ వస్తున్న సఖి కేంద్రాల్లో వైద్యం, పోలీసు సహాయం, కొద్దిరోజుల వసతి, న్యాయ సలహా ఒకేచోట దొరకాలన్నది ఉద్దేశం.

2005 గృహహింస చట్టం ఈ దారి చూపే పనిని హక్కుగా మార్చింది. ఆ చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. ఫిర్యాదు అందుకున్న పోలీసు అధికారి, రక్షణాధికారి, మేజిస్ట్రేటు, ఎవరైనా సరే, ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుందని ఆమెకి చెప్పి తీరాలని 5వ సెక్షన్ అంటుంది. ఆ సహాయం అందేలా చూడటం రక్షణాధికారి విధి అని 9వ సెక్షన్ అంటుంది. మన దగ్గర స్త్రీ శిశు సంక్షేమ శాఖ అధికారుల మీదే ఈ బాధ్యత కూడా పెట్టారు. వాళ్లకి అంగన్‌వాడీల పని ఉంది, సమీక్ష సమావేశాలు ఉన్నాయి, వాటి మధ్యన ఇదొకటి. స్వచ్ఛంద సంస్థలు సర్వీస్ ప్రొవైడర్లుగా నమోదైతే గృహహింస నివేదిక రాసి మేజిస్ట్రేటుకీ రక్షణాధికారికీ పంపొచ్చని 10వ సెక్షన్ చెబుతుంది. ఈ అవకాశాన్ని మన సంఘాల్లో ఎన్ని వాడుకున్నాయో మనల్ని మనమే అడగాలి.

మన పల్లెల్లో దారి చూపే పని ఎంత బాగా జరగగలదో చెప్పే అనుభవం ఒకటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇందిరా క్రాంతి పథం కింద 2006 నుంచి మహిళా సమాఖ్యల ద్వారా భూమి పని చేసిన పారా లీగల్ యువతీయువకులు పేదల భూమి చిక్కుల్ని రెవెన్యూ రికార్డుల్లోంచి వెతికి తీశారు. పహాణీలో పేరు లేని వితంతువు, పట్టా ఉండి భూమి చేతిలో లేని దళిత కుటుంబం, ఇలాంటి వాళ్ల కాగితాలు పట్టుకుని తహసీల్దారు ఆఫీసుకి తిరిగారు. 1985లోనే మన రాష్ట్రం ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కిచ్చింది. కేంద్రం 2005లో ఇచ్చింది. ఐనా చట్టం దానంతటది నడిచి వచ్చి ఆడపిల్ల చేతిలో పట్టా పెట్టలేదు. ఆ కాగితాన్ని మోసే మనిషి ఒకరు కావాల్సి వచ్చింది.

మూడోది, నడుమ కూర్చునేవాళ్లు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. కులపెద్దల పంచాయితీ నడుమ కూర్చుంటుంది. పోలీస్ స్టేషన్‌లో జరిగే కౌన్సెలింగ్ నడుమ కూర్చుంటుంది. కుటుంబ సలహా కేంద్రం, మధ్యవర్తిత్వ కేంద్రం, లోక్ అదాలత్ కూడా అంతే. మహిళా కమిషన్ స్త్రీల కోసం ఏర్పడిందే. మన దగ్గర 1998 చట్టంతో వచ్చింది. అది మనుషుల్ని పిలిపించి విచారించగలదు, సిఫారసు చెయ్యగలదు. మనోవర్తి మంజూరు చేసే అధికారం మాత్రం దానికి లేదు. కోర్టులో వాదించే లాయరుగా అది మనకి ఉండదు.

నడుమ కూర్చోవడం తప్పని నేననడం లేదు. కొన్ని తగవులు అలాగే తీరాలి. మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో చైనా వెళ్లి అక్కడి పద్ధతులు చూసి వచ్చి, కుటుంబ తగాదాలకి వేరే కోర్టులుండాలని మొట్టమొదట చెప్పారు. ఆ ఆలోచన 1984లో కుటుంబ న్యాయస్థానాల చట్టంగా రూపం తీసుకుంది. లాయర్ల వాదోపవాదాల మధ్య స్త్రీ నలిగిపోకూడదన్నది ఆ చట్టం ఉద్దేశం. అందుకే ఆ కోర్టుల్లో లాయరుని పెట్టుకోవడం హక్కు కాదని, కోర్టు అనుమతి కావాలని 13వ సెక్షన్ చెబుతుంది. ఉద్దేశం మంచిదే. కానీ ఇద్దరినీ లాయర్లు లేకుండా ఎదురెదురుగా కూర్చోబెడితే ఇద్దరూ సమానమవుతారా? డబ్బు ఒకరి చేతిలో ఉంది. ఇల్లు ఒకరి పేరున ఉంది. 'నలుగురిలో పరువు' అనే భారం ఒక్కరి నెత్తినే ఉంది. అసమానుల నడుమ సరిగ్గా మధ్యలో కూర్చున్న మనిషి బలవంతుడి వైపు కూర్చున్నట్టే.

లోక్ అదాలత్ సంగతి వివరంగా చెప్పాలి. 1982లో గుజరాత్‌లో మొదలైన ఈ పద్ధతికి 1987 చట్టం చట్టబద్ధత ఇచ్చింది. అక్కడ కుదిరిన రాజీ సివిల్ కోర్టు డిక్రీతో సమానం. కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. దాని మీద అప్పీలు లేదు. మోసం జరిగిందనో, నిజమైన అంగీకారం లేదనో చూపించగలిగితే హైకోర్టులో రిట్ వెయ్యొచ్చు. 2008లో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం ఆ దారి కూడా చాలా ఇరుకు. భూసేకరణ పరిహారం కేసులోనో, యాక్సిడెంటు పరిహారం కేసులోనో ఇది ఎంతో మేలు. ఐతే మొదట్లోనే ఆమెకి చెప్పాల్సిన మాట ఇంకోటుంది. ఇలాంటి కేసుల్లో లోక్ అదాలత్ తీర్పు చెప్పదు, రాజీ కుదిర్చుతుంది అంతే. "నాకు ఇష్టం లేదు" అని ఆమె అంటే కేసు తిరిగి కోర్టుకే పోతుంది, అక్కడ మామూలుగానే నడుస్తుంది. కాదన్నందుకు ఆమెకి ఏ శిక్షా లేదు, ఏ నష్టమూ లేదు. మా దగ్గరికొచ్చిన ఆమెకి ఈ సంగతి తెలియదు. పెద్దవాళ్లు చెబుతున్నారు, కాదంటే కేసే పోతుందేమో అనుకుంది.

ఇక్కడొక విషయం గుర్తొస్తోంది. వరకట్న వేధింపులకి సంబంధించిన 498ఎ కేసుని రాజీ చేసుకోవడానికి వీలు కల్పిస్తూ 2003లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌ని సవరించింది. మనలో చాలామందిమి అప్పుడు దాన్ని వ్యతిరేకించాం. ఐతే ఆ సవరణలో ఒక షరతు ఉండేది. రాజీ కోరుతూ కోర్టుని అడిగిన రోజు నుంచి కనీసం మూడు నెలలు గడవాలి. ఆ లోపల ఎవరూ వెనక్కి తగ్గకపోతేనే కోర్టు ఒప్పుకోవాలి. 2024 జూలై 1 నుంచి పాత కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. ఏ కోడ్ ఉన్నా, ఆ షరతులో ఉన్న ఇంగితం పారెయ్యాల్సింది కాదు. ఒత్తిడిలో ఉన్న స్త్రీకి ఆలోచించుకోవడానికి వ్యవధి కావాలని శాసనసభే ఒప్పుకుంది. మరి ఆమె జీవితమంతా తినాల్సిన మనోవర్తిని అరగంటలో వదులుకోమని అడగడం ఏ న్యాయం?

ఒక్క రోజులో ఇన్ని వేల కేసులు పరిష్కారమయ్యాయని లోక్ అదాలత్ మర్నాడు పేపర్లలో వస్తుంది. ఆ లెక్కలో ఈ బీడీ కార్మికురాలు కూడా ఒకటిగా చేరి ఉంటుంది. ఇంకో లెక్కలో, మా సంస్థ వార్షిక నివేదికలో, ఆమె ఇంకోసారి చేరింది. పోలీసు వాళ్ల లెక్కలో, సహాయ కేంద్రం లెక్కలో కూడా చేరే ఉంటుంది. ఒకే స్త్రీ నాలుగుసార్లు 'పరిష్కారం' అయింది. ఆమె ఇంట్లో మాత్రం సమస్య పొయ్యి పక్కనే కూర్చుని ఉంది.

ఇప్పుడు మా సంగతి. స్త్రీల సంఘాలు మొదట్లో ఏ గుమ్మం? సందేహం లేదు, పక్కన నిలబడే గుమ్మం. ఒక కోడలు కాలిపోయిందంటే ఊరేగింపు తీసేవాళ్లం, శవపరీక్ష మళ్లీ చెయ్యమని ఆసుపత్రి ముందు కూర్చునేవాళ్లం, సాక్షుల్ని వెతికేవాళ్లం, వాయిదాకి పదిమందిమి కలిసి వెళ్లి కోర్టు హాల్లో నిలబడేవాళ్లం. మా దగ్గర లాయరు డిగ్రీ లేకపోయినా ఆ తల్లి పక్కన మేమున్నామన్నది జడ్జికీ పోలీసుకీ అత్తవారికీ కూడా కనపడేది. తర్వాత కౌన్సెలింగ్ కేంద్రం వచ్చింది. దాంతో ప్రాజెక్టు వచ్చింది, ప్రాజెక్టుతో రిజిస్టరు వచ్చింది. రిజిస్టరులో 'వచ్చిన కేసులు', 'పరిష్కరించినవి' అని రెండు గళ్లున్నాయి. రెండో గడి నింపడానికి దగ్గరి దారి రాజీ. కోర్టు కేసు ఏడేళ్లు నడుస్తుంది, ప్రాజెక్టు మూడేళ్లకి ముగుస్తుంది. ఎవరూ మమ్మల్ని బలవంతపెట్టలేదు. ఏ రోజు జరిగిందో తెలియకుండానే మేము ఆమె పక్క నుంచి లేచి, బల్లకి ఇవతల, ఇద్దరి నడుమ వచ్చి కూర్చున్నాం. ఆమె భర్తకి కూడా కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, 'ఇద్దరూ కొంచెం సర్దుకోవాలి' అన్నాం. కొట్టేవాడు ఎంత సర్దుకోవాలి? తన్నులు తిన్నామె ఎంత సర్దుకోవాలి?

కౌన్సెలింగ్ మానెయ్యాలని అనడం లేదు. తిరిగి కాపురానికే వెళతానని చెప్పే స్త్రీలు ఉన్నారు, వాళ్ల నిర్ణయాన్ని గౌరవించాలి. కానీ మా గుమ్మం మీద ఏం రాసుందో లోపల అదే జరగాలి. నడుమ కూర్చుని పక్కన నిలబడ్డామని చెప్పుకోవడం ఆమెని మోసం చెయ్యడమే.

ఈ మూడు నెలల్లో మా కేంద్రంలో కొన్ని మార్పులు చేసుకుందామని తీర్మానించాం. మొదటిరోజే ఆమెకి మేము మూడు పనుల్లో ఏ పని చెయ్యగలమో చెబుతాం. లాయరు కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దరఖాస్తు ఆ రోజే నింపుతాం, మాలో ఒకరం వెంట వెళతాం. ఏ రాజీ కాగితమైనా ఆమె మాట్లాడే భాషలో పైకి చదివి వినిపించి, కనీసం వారం రోజులు ఇంటికి తీసుకెళ్లి ఆలోచించుకోమంటాం. లోక్ అదాలత్‌కి వెళ్లేరోజు లాయరు రాకపోతే, ఈ రోజు సంతకం పెట్టనని చెప్పే హక్కు ఆమెకుందని ముందే చెబుతాం. రిజిస్టరులో 'పరిష్కరించినవి' అన్న గడి కొట్టేశాం. దాని బదులు 'ఏడాది తర్వాత ఎలా ఉంది' అని రాశాం. ఆ గడి నింపాలంటే ఆమె ఇంటికి వెళ్లి అడగాలి.

పాఠకులకీ ఒక మనవి. మీ ఊళ్లో, మీ పట్నంలో న్యాయ సహాయం పేరుతో ఏయే గుమ్మాలున్నాయో, అక్కడ నిజంగా ఏం దొరుకుతుందో మాకు రాయండి. లాయరుని ఇచ్చారా, రాజీ చేసుకోమన్నారా, ఉత్త చీటీ రాసిచ్చారా? పేర్లు అక్కర్లేదు. మీకు ఎదురైంది రాయండి చాలు. వచ్చే సంచికలో జిల్లాల వారీగా వేస్తాం. మా సంస్థ గురించి రాయాల్సి వస్తే మొహమాటపడకండి. అది కూడా వేస్తాం.

ఆమె సంగతి ఇంకా ముగియలేదు. లోక్ అదాలత్ కాగితాలు హైకోర్టు న్యాయ సేవా కమిటీకి పంపాం. ఇరుకు దారి అని ఆమెకి చెప్పాం. ఆశపెట్టలేదు. పిల్లల మనోవర్తి పిల్లల హక్కు గనక వాళ్ల తరఫున వేరే దరఖాస్తు వెయ్యడానికి వీలుందేమో లాయరు చూస్తున్నారు. వచ్చే గురువారం దానికోసం కోర్టుకి వెళ్లాలి.

"ఈసారి నువ్వు ఏడ కూసుంటవక్కా?" అని అడిగింది.

"నీ పక్కనే చెల్లె" అన్నాను.

ఆ మాట ఈ పత్రికలో అచ్చు వేస్తున్నాను. రేపు నేను మరిచిపోతే గుర్తుచెయ్యడానికి మీరుంటారు.